పెద్ద దెబ్బ తిన్నాక: ముందు నిలదొక్కుకోవడం, ఆ తర్వాత ఎదగడం ఎలా?

మనిషి పెద్ద దెబ్బ తిన్నాక రెండో రోజు నుంచే సలహాలు వచ్చిపడతాయి. "ఏది జరిగినా మన మంచికే", "కాలమే అన్నీ మాన్పుతుంది", "దీంతో నువ్వు ఇంకా గట్టిపడతావు చూడు" అంటారు. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. వినేవాళ్లకు మాత్రం పుండు మీద కారం చల్లినట్టు ఉంటుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి, కాపురం కూలిపోయిన మనిషికి, దాడి జరిగితే బతికి బయటపడ్డవాళ్లకు ఎదుగుదల అన్న మాట చెవిన పడితేనే ఒళ్లు మండుతుంది. అందులో తప్పేం లేదు. మీరు ఇంకా ఆ స్థితిలోనే ఉంటే కింద మొదటి రెండు మెట్లు చదివి ఆపేయండి. మిగతావి ఎక్కడికీ పోవు.

అయితే బాగా నలిగిపోయిన వాళ్లలో చాలామంది కొంతకాలం గడిచాక ఇలా అంటుంటారు: "అది జరగకుండా ఉంటే ఎంత బాగుండేదో. కానీ దాని తర్వాత నాలో కొన్ని మంచి మార్పులు వచ్చిన మాట నిజం." అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం షార్లెట్ ప్రాంగణంలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్తలు రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హూన్ 1990ల మధ్యలో దీనికి పోస్ట్ ట్రామాటిక్ గ్రోత్ (పెద్ద దెబ్బ తర్వాత వచ్చే ఎదుగుదల) అని పేరు పెట్టారు. 1996లో వాళ్లు ప్రచురించిన 21 అంశాల ప్రశ్నావళి ఈ మార్పులను ఐదు వైపుల నుంచి చూస్తుంది: మనుషులతో దగ్గరితనం, కొత్త దారులు, తట్టుకోగలననే ధైర్యం, ఆధ్యాత్మిక చింతన, బతుకు విలువ తెలియడం.

వాళ్లిద్దరూ మొదటి నుంచీ నొక్కి చెబుతున్న సంగతిని మాత్రం జనం వదిలేస్తారు. మార్పు తెచ్చేది ఆ సంఘటన కాదట, దాని తర్వాత మనిషి పడే పెనుగులాట. ఈ తేడా చిన్నది కాదు. మీకు జరిగిన అన్యాయానికి మీరు దండం పెట్టక్కర్లేదు, మిమ్మల్ని ముంచినవాళ్లకు థాంక్స్ చెప్పక్కర్లేదు. ఏదైనా మంచి మార్పు వస్తే అది మీ కష్టార్జితం.

1. ముందు ఒడ్డున పడండి

మొదటి వారాల్లో అర్థం కోసం వెతక్కండి. అప్పుడు కావలసినవి నిద్ర, తిండి, ప్రమాదం లేని చోటు. వీటిలో చోటు సంగతి ముందు చూసుకోండి. చెయ్యి చేసుకునే మనిషితో అదే ఇంట్లో ఉంటూ, రోజూ వేధించే పై అధికారి కిందే పనిచేస్తూ "ఈ బాధ నాకేం నేర్పుతోంది" అని కూర్చుంటే లాభం లేదు. దెబ్బలు ఆగాలి. మిగతా ఏదైనా ఆ తర్వాతే.

నిద్ర పట్టినా పట్టకపోయినా రోజూ ఒకే వేళకు లేవండి. ఆకలి లేకపోయినా వేళకు ఏదో ఒకటి కొంచెం తినండి. మందు తాగితే త్వరగా కునుకు పడుతుంది కానీ తెల్లవారుజాము దాకా ఆ నిద్ర నిలవదు, మర్నాడు టెన్షన్ ఇంకా ఎక్కువవుతుంది. ఇల్లు అమ్మేయడం, ఉద్యోగం మానేయడం లాంటి వెనక్కి తీసుకోలేని నిర్ణయాలు వీలైనంత వరకు కొన్ని నెలలు వాయిదా వేయండి.

కాలూ చెయ్యీ ఆడని రోజుల్లో పెద్ద ప్లాన్లు పనికిరావు. పొద్దున లేవగానే ఓ కాగితం ముక్క మీద మూడంటే మూడు పనులు రాసుకోండి. "స్నానం. కరెంటు బిల్లు. అక్కకు ఫోన్." అంతే. సాయంత్రానికి వాటిలో రెండు కొట్టేయగలిగితే ఆ రోజు గట్టెక్కినట్టే. మూడోది రేపటి కాగితం మీదకి వెళ్తుంది. ఇది వినడానికి మరీ చిన్నపిల్లల వ్యవహారంలా ఉంటుంది, కానీ చుట్టూ ఉన్నదంతా చేజారిపోయిందనిపించే వేళ మన చేతిలో ఇంకా ఏదో ఉందని చూపించేది ఇలాంటి కాగితమే.

జరిగిందంతా వెంటనే బయటికి కక్కేయాలని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్లను కూర్చోబెట్టి ఒకే సిటింగ్‌లో అంతా చెప్పించే పద్ధతి చాలాచోట్ల ఉండేది. దాని మీద వచ్చిన పరిశోధనలను కలిపి చూసిన కాక్రేన్ (వైద్య పరిశోధనలను బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష, ఆ పద్ధతి పీటీఎస్‌డీని (పెద్ద దెబ్బ తర్వాత మనసును వదలకుండా పట్టుకునే జబ్బును) ఆపుతుందనడానికి ఆధారం లేదని, దాన్ని తప్పనిసరి చేయడం మానాలని 2002లో తేల్చింది. కాబట్టి చెప్పాలనిపిస్తే చెప్పండి. లేకపోతే "ఇప్పుడు కాదు, నాకు చెప్పాలనిపించినప్పుడు నేనే ఫోన్ చేస్తా" అంటే సరిపోతుంది. ఎవరైనా బలవంతం చేస్తే మొహమాటపడకండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. జరిగినదంతా మళ్లీ కళ్ల ముందే జరుగుతున్నట్టు రావడం, పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, ఆ చోటునూ ఆ మనుషులనూ గుర్తుచేసే ప్రతిదాన్నీ తప్పించుకు తిరగడం లాంటివి నెల దాటినా తగ్గక, పనికీ సంసారానికీ అడ్డొస్తుంటే సైకియాట్రిస్ట్‌నో క్లినికల్ సైకాలజిస్ట్‌నో కలవండి. పీటీఎస్‌డీకి మనసుకు తగిలిన ఆ దెబ్బ మీదే దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్ (ఆ జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్లు అటూ ఇటూ కదిలించే చికిత్స) లాంటివి బాగా పనిచేస్తాయని రుజువైంది. ఆత్మీయులు పోయిన దుఃఖం ఏమాత్రం పలచబడకుండా నెలల తరబడి మనిషిని కట్టిపడేస్తే దాన్ని కూడా ఇప్పుడు చికిత్స అవసరమైన స్థితిగా గుర్తిస్తున్నారు. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఇందుకు కనీసం 6 నెలల గడువు పెట్టింది, అదే ఏడాది అమెరికా సైకియాట్రిస్టుల సంఘం పెద్దవాళ్లకు 12 నెలలు పెట్టింది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం ఏ గడువూ లేదు. ఈ వ్యాసం పక్కన పెట్టి ఇప్పుడే దగ్గరివాళ్లకు చెప్పండి, మీ ప్రాంతంలోని హెల్ప్‌లైన్‌కు గానీ ఆసుపత్రి ఎమర్జెన్సీకి గానీ ఫోన్ చేయండి.

2. ఏడుపుకీ చోటివ్వండి, పనికీ చోటివ్వండి

దుఃఖానికి ఐదు దశలుంటాయని (నమ్మలేకపోవడం, కోపం, బేరాలాడటం, కుంగిపోవడం, ఒప్పుకోవడం) అందరూ వినే ఉంటారు. మానసిక వైద్యురాలు ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ 1969లో ఆ దశల గురించి రాసింది మరణానికి దగ్గర పడ్డ రోగులను చూసి. ఆ తర్వాత జనం దాన్ని అన్ని రకాల దుఃఖాలకూ సిలబస్ చేసేశారు. "నాకింకా కోపం రాలేదు, ఏదో తేడాగా ఉన్నానా?" అని కంగారుపడేవాళ్లు ఉన్నారు. దుఃఖం వరుసలో రాదు.

దుఃఖం మీద పరిశోధన చేసిన మార్గరెట్ స్ట్రోబే, హెంక్ షూట్ 1999లో ప్రతిపాదించిన నమూనా మన అనుభవానికి దగ్గరగా ఉంటుంది. మనిషి కాసేపు పోయినదాని వైపు, కాసేపు ముందున్న బతుకు వైపు, మళ్లీ వెనక్కి ఇలా అటూ ఇటూ తిరుగుతూనే కుదుటపడతాడని వాళ్ల మాట. పొద్దున బ్యాంకు కాగితాల మీద సంతకాలు చకచకా పెట్టి, సాయంత్రం పాత ఫోన్‌లో పోయిన మనిషి గొంతు వినగానే కూలబడిపోతే మీరేం వెనకబడినట్టు కాదు. రెండూ జరగాల్సినవే.

దీన్ని ఆచరణలో పెట్టడం తేలికే. రోజంతా దిగమింగుకుని తిరుగుతుంటే అరగంట ఏడవడానికి వేళ చూసుకోండి, ఫోటోలు చూడండి, తలుపేసుకోండి. రోజంతా అదే ధ్యాసలో ఉంటే అరగంట వేరే పనిలోకి దిగండి, అది గిన్నెలు తోమడమైనా సరే. మధ్యలో ఏ జోకుకో పగలబడి నవ్వితే, తేలు కుట్టిన దొంగలా చుట్టూ చూడకండి. పోయినవాళ్ల మీద ప్రేమ నవ్వుతో తగ్గిపోదు.

3. ఏం కూలిందో చూడండి

ఇక్కడి నుంచి అసలు పని మొదలవుతుంది. నిద్ర, తిండి కాస్త దారిలో పడ్డాకే ఇటు రండి.

పెద్ద దెబ్బలు మనిషినో ఆస్తినో తీసుకుపోయి ఊరుకోవు. లోపల మనం ఎప్పుడూ పైకి అనకుండా నమ్ముకున్న కొన్నింటిని కూడా పడగొడతాయి. రోనీ జానోఫ్ బుల్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వీటిని మూడుగా చెప్పారు: లోకం మొత్తానికి మంచిదే, జరిగేవాటికి ఒక న్యాయం ఉంటుంది, నేను మంచిగా చూడదగ్గ మనిషిని. టెడెస్కీ, కాల్హూన్‌లు దీన్ని భూకంపంతో పోల్చారు. ఇల్లు కూలాక మళ్లీ కట్టేటప్పుడు, ఈసారి కుదుపును తట్టుకునేలా కడతాం. కానీ ఏ గోడ పడిందో తెలియకుండా కట్టడం మొదలుపెట్టలేం.

అందుకని ఒక వాక్యం పూర్తి చేయండి: "ఇది జరగక ముందు నేను ______ అనుకునేవాణ్ని." పది సార్లు రాయండి. మొదటి మూడు నాలుగు పైపైన ఉంటాయి. "కష్టపడితే ఫలితం ఉంటుందనుకునేవాణ్ని." "స్నేహితుడు మోసం చేయడనుకునేవాణ్ని." ఆరో ఏడో దగ్గరికి వచ్చేసరికి మిమ్మల్ని నిజంగా నిద్రపోనివ్వనిది బయటపడుతుంది: "నేను జాగ్రత్తగా ఉంటే నా వాళ్లకేం కాదనుకునేవాణ్ని." దాని కింద గీత గీయండి. మీరు ఇక మీద సరిచేసుకోవలసిన నమ్మకం అదే.

చాలామందికి ఆ గీత గీసిన వాక్యం పక్కనే అపరాధభావం ఉంటుంది. లోకంలో న్యాయం లేదని ఒప్పుకోవడం కంటే తప్పు నాదేనని ఒప్పుకోవడం మనసుకు తేలిక. ఎందుకంటే తప్పు నాదైతే ఈసారి ఆపగలను కదా! దీనికి పనికొచ్చే సాధనం రెండు గళ్ల కాగితం. ఎడమ వైపు "ఆ రోజు నాకు తెలిసింది", కుడి వైపు "ఇవాళ నాకు తెలిసింది".

ఉదాహరణకు తండ్రి గుండెపోటుతో పోయిన కొడుకును తీసుకోండి. ఆ రాత్రి నాన్న ఛాతీలో మంట అంటే గ్యాస్ మాత్ర ఇచ్చి పడుకోమన్నాడు. ఎడమ వైపు గడిలో ఇలా ఉంటుంది: నాన్నకు నెలకోసారి ఇలాంటి మంట వచ్చేది. ప్రతిసారీ మాత్రతో తగ్గేది. చెమటలు పట్టలేదు. నాన్నే ఆసుపత్రి వద్దన్నాడు. కుడి వైపు గడిలో: అది గుండెపోటు. కొడుకు ఇన్నాళ్లూ కుడి గడిలో ఉన్నది పట్టుకుని ఎడమ గడిలో ఉన్న తనకు శిక్ష వేస్తున్నాడు. కాగితం మీద చూస్తే ఇది కనబడుతుంది, తలలో తిప్పుకుంటూ ఉంటే కనబడదు. బాధ పోదు గానీ దాని మీద ఎక్కి కూర్చున్న నింద కాస్త కిందికి దిగుతుంది.

ఒక్కోసారి ఎడమ గడిలోనే నిజమైన తప్పు ఉంటుంది. తాగి బండి నడపడం, చెప్పాల్సింది దాచడం లాంటివి. అప్పుడు సర్దిచెప్పుకోవద్దు. తప్పుకు పరిహారం ఏమైనా చేయగలరా, ఎవరికైనా క్షమాపణ చెప్పాలా అని చూడటమే దారి.

4. రాయండి, కానీ ఒక పద్ధతిలో

టెక్సస్‌లో స్థిరపడిన మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో సాండ్రా బీల్‌తో కలిసి ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు తమ బతుకులోని బాధాకరమైన అనుభవం గురించి రాశారు. జరిగిందీ, దాని గురించి తమకు అనిపించిందీ కలిపి రాసినవాళ్లు రాసిన వెంటనే ఇంకా దిగులుగా ఉన్నారు. కానీ ఆ తర్వాతి నెలల్లో అనారోగ్యంతో హెల్త్ సెంటర్‌కు వెళ్లడం తగ్గింది. తర్వాత దీని మీద వందకు పైగా అధ్యయనాలు వచ్చాయి. అన్నీ కలిపి చూస్తే సగటు ప్రయోజనం చిన్నదే. రాస్తే అద్భుతాలు జరుగుతాయని చెప్పేవాళ్లను నమ్మకండి. అయితే ఖర్చు లేదు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, చిన్న ప్రయోజనమైనా మనకు లాభమే.

ఎవరూ రాని గది, టైమర్, ఏదో ఒక కాగితం ఉంటే చాలు. 15 నుంచి 20 నిమిషాలు చేయి ఆపకుండా రాయండి. అక్షర దోషాలు, వాక్యాలు పట్టించుకోకండి. ఎవరికీ చూపించరు, కావాలంటే రాశాక చించేయండి. నాలుగు రోజులు చాలు. పడుకునే ముందు రాయకండి, రాశాక ఓ అరగంట తేరుకోవడానికి పెట్టుకోండి. రాస్తున్నప్పుడు ఊపిరాడనట్టు, చుట్టూ ఉన్నది మరిచిపోయి మళ్లీ అక్కడికే వెళ్లినట్టు ఉంటే ఆపేయండి. ఆ విషయం ఒంటరిగా ముట్టుకునేది కాదు, థెరపిస్ట్ దగ్గర తెరవాల్సినది.

పెన్నెబేకర్ బృందం ఆ రాతల్లోని మాటలను లెక్కగట్టి చూసినప్పుడు ఒక విషయం గమనించింది. మొదటి రోజుకీ చివరి రోజుకీ మధ్య "ఎందుకంటే", "దానివల్ల", "ఇప్పుడు అర్థమైంది" లాంటి మాటలు పెరిగినవాళ్లు ఎక్కువ బాగుపడ్డారు. మొదటి రోజు కాగితం ఇలా ఉండొచ్చు: "వెళ్లిపోయింది. పదకొండేళ్లు. ఒక్క మాట చెప్పలేదు. ఎలా చేయగలిగింది." నాలుగో రోజుది: "చెప్పలేదని అంటున్నాను గానీ, రెండేళ్ల నుంచి తను చెప్పడం మానేసింది. ఎందుకంటే చెప్పినప్పుడల్లా నేను లేచి వెళ్లిపోయేవాణ్ని. అలాగని వెళ్లిన తీరు సరైందని కాదు." రెండో కాగితంలో బాధ తగ్గలేదు. కథ మాత్రం కదిలింది. మీది నాలుగు రోజులూ అక్షరం పొల్లు పోకుండా అదే కథ, అవే తిట్లు అయితే రాయడం మీకు మేలు చేయడం లేదని అర్థం. ఒకే గాడిలో తిరిగే ఆలోచన దిగులును పెంచుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త సూజన్ నోలెన్ హోక్సెమా పరిశోధనలు ఎప్పుడో చూపించాయి.

గాడి తప్పించడానికి ఒక చిట్కా ఉంది. "నేను" అని కాకుండా మీ పేరు పెట్టి, ఎవరో మూడో మనిషి గురించి చెబుతున్నట్టు రాయండి. ఈథన్ క్రాస్ అనే శాస్త్రవేత్త ప్రయోగాల్లో, తమను తాము పేరుతో పిలుచుకుని ఆలోచించినవాళ్లకు ఆవేశం తగ్గి విషయం కాస్త దూరం నుంచి కనిపించింది. మొదట్లో నవ్వు వస్తుంది, రెండు పేరాల తర్వాత అలవాటైపోతుంది.

5. చెప్పుకునే మనిషిని ఎంచుకోండి

నలుగురిలో చెప్పుకోవాలనేం లేదు, ఒక్కరు చాలు. మీ మాట పూర్తవకముందే "నాకు కూడా ఓసారి ఇలాగే..." అని అందుకునేవాళ్లు వద్దు. పరిష్కారాలు చెప్పేవాళ్లు కూడా ఇప్పుడు వద్దు. అదే మాట మూడోసారి చెప్పినా విసుక్కోకుండా వినేవాళ్లు కావాలి. ఆ మనిషి రక్తసంబంధం అయి ఉండకపోవచ్చు. ఇలాంటి దెబ్బే తిని కొన్నేళ్లు దాటినవాళ్లు దొరికితే మరీ మంచిది, వాళ్ల దగ్గర ముఖానికి నవ్వు పులుముకోవాల్సిన పని ఉండదు.

కూర్చోగానే మీకేం కావాలో చెప్పేయండి: "సలహా వద్దు, కాసేపు విను చాలు." చాలామంది పనికిమాలిన ఓదార్పు మాటలు చెప్పేది మనసు లేక కాదు, ఏం చేయాలో తెలియక. తెలిస్తే బాగానే చేస్తారు.

6. అర్థం దగ్గర రెండు ప్రశ్నలు కలిసిపోతాయి, వాటిని విడదీయండి

"ఇది ఎందుకు జరిగింది?" ఒక ప్రశ్న. "ఇది జరిగాక నేను ఎలా బతకాలి?" ఇంకో ప్రశ్న. మొదటి దానికి కొందరికి జవాబు దొరుకుతుంది. దేవుడి మీద నమ్మకం ఉన్నవాళ్లకు అక్కడ, లేనివాళ్లకు కారణాల్లో. చాలామందికి దొరకదు. మూడేళ్ల పాపకు క్యాన్సర్ ఎందుకు వచ్చిందో సంతృప్తిగా చెప్పగల మనిషిని ఎవరూ చూసి ఉండరు. జవాబు దొరకని ప్రశ్నను అలాగే పక్కన ఉంచి కూడా రెండో ప్రశ్నలోకి వెళ్లవచ్చు. మొదటిది తేలేదాకా రెండోది మొదలుపెట్టనని పట్టుబడితేనే ఏళ్లు గడిచిపోతాయి.

రెండో ప్రశ్నకు వియన్నా మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ (1905–1997) చూపిన మూడు దారులు నాకు ఇప్పటికీ బాగా పనికొచ్చేవిగా కనిపిస్తాయి. నాజీ శిబిరాల్లో తల్లిదండ్రులను, అన్నదమ్ముణ్ని, భార్యను పోగొట్టుకుని, ఆష్‌విట్జ్ అనే మరణ శిబిరం చూసి వచ్చిన మనిషి ఆయన. ఒక పని చేయడంలో అర్థం దొరుకుతుంది, ఒక మనిషినో అందమైనదాన్నో ప్రేమించడంలో దొరుకుతుంది, తప్పించుకోలేని బాధ ఎదురైతే దాని ముందు మనం ఎలా నిలబడతామన్న దానిలో దొరుకుతుంది అన్నారు. ఇందులో "తప్పించుకోలేని" అన్న మాటను మింగేసి, బాధ పడితేనే బతుకుకు అర్థం అన్నట్టు ఆయన పేరు వాడేస్తుంటారు. తప్పించుకోగలిగిన బాధను తప్పించుకోవాలని, ఊరికే పడటం గొప్ప కాదని ఆయనే స్పష్టంగా చెప్పారు.

ఇక మీరు చేయాల్సింది ఇది. మూడో మెట్టులో గీత గీసిన వాక్యం తీయండి. దాని కింద, అబద్ధం లేకుండా ఇప్పుడు మీరు నమ్మగలిగిన వాక్యం ఒకటి రాయండి. "నేను జాగ్రత్తగా ఉంటే నా వాళ్లకేం కాదు" అన్నది పోయింది. దాని చోట "అంతా నాశనమే" అని రాస్తే అదీ అబద్ధమే. "జాగ్రత్త కొంతవరకే కాపాడుతుంది. కాబట్టి ఉన్నవాళ్లతో చెప్పాల్సినవి వాయిదా వేయను" అనేది నిలబడే వాక్యం. దీనికి వారం పట్టవచ్చు, ఏడాది పట్టవచ్చు. గోడ మీద అంటించుకునే కొటేషన్లా అందంగా వస్తే అనుమానించండి, నిజమైనవి కాస్త మొరటుగానే వస్తాయి.

క్షమించడం గురించి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. క్షమిస్తే కొందరికి భారం దిగుతుంది. క్షమించకుండానే ముందుకు వెళ్లినవాళ్లూ బోలెడుమంది. అవతలి మనిషి తప్పు ఒప్పుకోకపోయినా మీరు క్షమించి తీరాలనడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

7. మారానని అనుకోవడం వేరు, మారడం వేరు

మనస్తత్వ శాస్త్రవేత్త పాట్రీషియా ఫ్రేజియర్, ఆమె సహచరులు 2009లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలోవాళ్లను కాస్త ఇబ్బంది పెట్టింది. విద్యార్థులను దెబ్బ తగలకముందూ తర్వాతా కూడా కొలిచి చూస్తే, "నేను ఎదిగాను" అని వాళ్లు చెప్పినదానికీ కొలతల్లో కనిపించిన మార్పుకూ పెద్దగా సంబంధం లేకపోయింది. ఎదిగానని చెప్పుకోవడం ఒక్కోసారి నొప్పికి వేసుకునే కట్టు లాంటిదే. కట్టు వేసుకోవడం తప్పేం కాదు. నిజంగా మారారో లేదో తెలియాలంటే మాత్రం మాటలు కాక చేతలు చూడాలి.

"మనుషుల విలువ తెలిసింది" అంటున్నారా? ఈ వారం ఎవరికి, పనేమీ లేకుండా, ఫోన్ చేశారు? "చిన్న చిన్న విషయాలకు టెన్షన్ పడటం మానేశాను" అంటున్నారా? మీ ఇంట్లోవాళ్లను అడగండి, నిజం వాళ్లు చెబుతారు. "కొత్త దారి పడతాను" అంటే ఆ దారిలో వేసే అతి చిన్న అడుగేమిటో, ఏ రోజున వేస్తారో రాయండి. నర్సింగ్ చదవాలనుకుంటే మొదటి అడుగు చదవడం కాదు, అప్లికేషన్ ఫారం తెచ్చుకోవడం. ఒకేసారి ఐదు వైపులా మారాలనుకోకండి. ఒక్కటి పట్టుకుని మూడు నెలలు చూడండి.

ఏ మార్పూ కనిపించకపోతే? మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ బొనానో పరిశోధనల్లో తేలిన విషయం ఒకటి ఇక్కడ ఊరటనిస్తుంది. ఆత్మీయుల మరణం లాంటి పెద్ద దెబ్బల తర్వాత కూడా చాలామంది బాధపడుతూనే తమ బతుకు తాము స్థిరంగా నడుపుకుంటారు. కూలిపోరు, కొత్త మనుషులుగా మారిపోరు. పాత మనిషిగానే మిగలడం ఫెయిల్ అవడం కాదు. పడ్డవాళ్లెప్పుడూ చెడ్డవాళ్లు కారన్నట్టే, పడి లేచి అలాగే ఉన్నవాళ్లకూ ఏ లోటూ లేదు.

8. ఎవరికైనా ఉపయోగపడాలనిపిస్తే

తాగి కారు నడిపిన డ్రైవర్ వల్ల 13 ఏళ్ల కూతుర్ని పోగొట్టుకున్న కాండీ లైట్నర్ 1980లో కాలిఫోర్నియాలో మదర్స్ అగెన్‌స్ట్ డ్రంక్ డ్రైవింగ్ (తాగి బండి నడపడాన్ని ఎదిరించే తల్లులు) అనే సంస్థను మొదలుపెట్టారు. అది ఆ దేశంలో చట్టాలు మారేలా చేసింది. ఇలాంటి కథలు విని అందరూ సంస్థలు పెట్టనక్కర్లేదు. మీలాంటి దెబ్బే తిన్న ఒక మనిషితో ఆసుపత్రి వరండాలో గంటసేపు కూర్చోవడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

సిద్ధంగా ఉన్నారో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు: వాళ్ల కథ వింటున్నప్పుడు మీరు వాళ్ల గురించి ఆలోచించగలుగుతున్నారా, లేక మీ కథే మళ్లీ తోసుకొస్తోందా? రెండోదైతే ఇంకొన్నాళ్లు ఆగండి. ఇంటికి వచ్చాక రాత్రంతా నిద్ర లేకపోయినా అంతే.

9. మళ్లీ కుంగే రోజులకు ముందే ఏర్పాట్లు చేసుకోండి

అంతా సర్దుకుందనుకున్న మూడో ఏడు కూడా ఒక తేదీ వచ్చి మిమ్మల్ని పడేయగలదు. వర్ధంతి, పెళ్లిరోజు, కోర్టు వాయిదా, ఉద్యోగం ఊడిన నెల. కొన్నిసార్లు తేదీ మీకు గుర్తుండదు, వారం ముందు నుంచి కారణం తెలియని చిరాకు మాత్రం మొదలవుతుంది. కాబట్టి అలాంటి తేదీలన్నీ ఒకసారి కూర్చుని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి, వారం ముందే రిమైండర్ మోగేలా. ఆ రోజున పెద్ద మీటింగులు, ముఖ్యమైన నిర్ణయాలు పెట్టుకోవద్దు. ఒంటరిగా ఉంటారా, ఎవరితోనైనా ఉంటారా అన్నది ముందే తేల్చుకుని ఆ మనిషికి చెప్పి ఉంచండి. పొద్దున కాగితం మీద మూడు పనులు రాసుకునే అలవాటు మానేసి ఉంటే ఆ వారానికి మళ్లీ మొదలుపెట్టండి. ఆ రోజు సాఫీగా గడిచిపోతే, ముందుగా చేసిన ఏర్పాట్లలో ఏవి పనికొచ్చాయో వచ్చే ఏడాది రిమైండర్ కిందే రెండు ముక్కలు రాసి పెట్టుకోండి.